గొంతులో తోలు

పొద్దున నేను చాయ్ పెట్టుకోకముందే మా అరుగు మీద ఇద్దరో ముగ్గురో తల్లులు పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చుని ఉండేవాళ్లు. పిల్లకు గొంతు నొప్పి, మింగలేకపోతోంది, ఊరికే దగ్గుతోంది అంటే మా వైపు అందరూ అనేది ఒకటే, కొండనాలుక జారిందని. జారితే ఎత్తాలి. ఎత్తడం మా అమ్మ నాకు నేర్పిన పని. చూపుడు వేలిని మెత్తగా నూరిన ఉప్పు, మిరియాల పొడిలో అద్ది, పిల్ల నోరు తెరిపించి, నాలుక మీదుగా వెనక్కి పోనిచ్చి, అక్కడ వేలాడే చిన్న కండను ఒక్కసారి పైకి నొక్కి తీసేయాలి. పిల్ల ఏడుపు అందుకునేలోపు పని అయిపోవాలి. వేలికి గుడ్డ చుట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. మా అమ్మ ఒప్పుకునేది కాదు. గుడ్డ చుడితే వేలికి కళ్లు పోతాయనేది.

ఆ పని ముగించి, స్నానం చేసి, ఎనిమిదింటికల్లా నేను సర్కారు దవాఖానకు పోయేదాన్ని. అక్కడ నేను ఆయాను. వార్డు తుడవడం, బట్టలు మార్చడం, సూది వేసేటప్పుడు పిల్లల తల కదలకుండా పట్టుకోవడం. ఇంటి దగ్గర చేసే పనికీ, దవాఖానలో చేసే పనికీ పేచీ ఉందని నాకు ముప్ఫై ఏళ్లలో ఒక్కనాడూ తోచలేదు. తోచనిది నాకొక్కదానికే కాదు. మా దవాఖాన సిస్టరమ్మ కూడా తన కొడుకును మా అరుగు మీదికే తెచ్చేది.

కొత్తగా దవాఖానల్లో చేరుతున్న బిడ్డలారా, మీరు చేతులకు తొడుగులు వేసుకుంటారు, గొంతులోకి లైటు కొట్టి చూస్తారు. మీకు నా వేలి సంగతి చెబితే నవ్వొస్తుంది. నవ్వండి. కానీ ఆ వేలు ఒకరోజు ఏం పట్టుకుందో, దాని పేరు నాకు ఎట్లా తెలిసిందో పూర్తిగా విన్నాక నవ్వండి.

పేరు తెలిసింది భూపాలపల్లిలో, ఉద్యోగంలో చేరిన పదేళ్లకు.

అంతకంటే ముందు మా నాయిన గురించి ఒక మాట చెప్పాలి. మాది జనగామ దగ్గర ఒక పల్లె. మా నాయిన తోళ్ల పని చేసేవాడు. ఊళ్లో గొడ్డు చచ్చిపోతే తోలు తెచ్చి, సున్నం నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క వేసిన నీళ్లలో ఊరబెట్టేవాడు. ఆ నీళ్ల గుంతను లంద అంటారు. బడి నుంచి వచ్చాక లందలో తోళ్లు తిరగేసే పని నాది. తోలు ఇంకా పచ్చిగా ఉందా, నానుతోందా, పదునుకొచ్చిందా అనేది కళ్లు మూసుకుని ముట్టుకుని చెప్పేదాన్ని. మా నాయిన నన్ను పక్కన నిలబెట్టి, "ఏదీ, ముట్టి చెప్పు బిడ్డా" అని అడిగేవాడు, వచ్చినవాళ్ల ముందు గొప్పగా. బడిలో మాత్రం నా పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. ఐదో తరగతితో నా చదువు ఆగిపోవడానికి అది కూడా ఒక కారణం. ఉద్యోగం వచ్చాక నేను లంద మాట ఎవరికీ చెప్పలేదు.

భూపాలపల్లి దవాఖానలో ఒక డాక్టరమ్మ ఉండేది. కోస్తా పిల్ల, చదువు అప్పుడే ముగించి వచ్చింది. ఆమెకు ఒక పిచ్చి. ప్రతి జబ్బు పేరూ ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పాలి. వినేవాళ్లు లేకపోతే నాకు చెప్పేది.

"ఆయమ్మా, మలేరియా అంటే ఏంటో తెలుసా? చెడ్డ గాలి అని. ఇటలీ వాళ్ల మాట. దోమ సంగతి తెలియనప్పుడు బురదలోంచి వచ్చే గాలి వల్ల జ్వరం వస్తుందనుకున్నారు."

"మా దిక్కు గూడ అంతే మేడం. పిల్లలకు జొరమొస్తే గాలి సోకింది అంటరు."

ఆమె చప్పట్లు కొట్టినంత పని చేసి, నా మాటను ఒక చిన్న పుస్తకంలో రాసుకుంది. నా మాటను ఎవరైనా రాసుకోవడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆమె ఏం చెప్పినా నాకు గుర్తుండిపోయేది.

ఒకనాడు అడవి లోపలి గూడెం నుంచి ఒక తండ్రి నాలుగేళ్ల బాబును భుజాన వేసుకుని వచ్చాడు. నేను తల పట్టుకున్నాను. డాక్టరమ్మ లైటు కొట్టి చూసింది. తర్వాత నన్ను కూడా వంగి చూడమంది. గొంతు లోపల రెండు వైపులా బూడిద రంగు పొర అతుక్కుని ఉంది.

"డిఫ్తీరియా ఆయమ్మా. గోడ మీద కంఠసర్పి అని రాసుంది చూడు, అదే ఇది."

ఆ గోడ మీది మాట నేను రోజూ చూసేదాన్ని. పాము లాంటిదేదో గొంతులో పాకుతుందని అనుకునేదాన్ని, ఆ మాటే పైకి అన్నాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇంగ్లీషు పేరు గ్రీకు భాష నుంచి వచ్చింది. తోలు అని అర్థం. మన ఒంటి మీది చర్మం కాదు, పని చేసిన తోలు. వెనకటికి ఒక ఫ్రెంచి డాక్టరు ఈ పొరను చూసి ఆ పేరు పెట్టాడు. దీన్ని గీకి తీయబోతే ఊడదు, రక్తం వస్తుంది."

పక్కనే ఉన్న వార్డుబాయ్ మా జనగామ వైపు వాడు. కిసుక్కున నవ్వాడు. "తోలు సంగతి ఆయమ్మను అడుగుండ్రి మేడం. గది ఆమెకే బాగ ఎరుక."

"ఏంటి, ఏమంటున్నాడు?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదు మేడం. ఊకెనే అంటుండు" అని నేను తల వంచుకున్నాను.

తల వంచుకోకపోతే అడిగేదాన్నేమో, ముట్టుకుంటే ఎట్లా ఉంటుంది మేడం అని. అడగలేదు. బాబును జీపులో వరంగల్ పంపించారు. మూడో రోజు ఆ తండ్రి ఒక్కడే వచ్చాడు, మేము కప్పి పంపిన దుప్పటి తిరిగి ఇచ్చేయడానికి. దుప్పటిని ఉతికి, నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో పట్టుకొచ్చాడు. బాబు ఎట్లా ఉన్నాడని మాలో ఎవరమూ అడగలేదు.

ఇది జరిగిన ఇరవై ఏళ్లకు నేను మహబూబాబాద్ వైపు బదిలీ అయి వచ్చాను. గార్లకూ బయ్యారానికీ మధ్య ఒక ఊరు, పేరు ఎందుకులెండి. రిటైర్ కావడానికి ఇంక ఏడాదిన్నర ఉంది. మా ఎదురింట్లో గాజులమ్మే ఆపా ఉండేది. వయసులో నాకన్నా పెద్దది కాబట్టి నేను ఆపా, అంటే అక్క, అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. ఆమె కొడుకు ట్రాక్టర్లు బాగు చేసేవాడు. ఆరేళ్ల మనుమరాలు ఒకతి. ఆ పిల్ల రోజంతా పగిలిన గాజు ముక్కలు ఏరుకుంటూ మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య తిరిగేది.

ఆ రోజు పొద్దున ఆపా పిల్లను ఎత్తుకుని వచ్చింది. మెరుపుల చీర కట్టుకుంది. పిల్లకు కూడా కొత్త గౌను తొడిగింది. అప్పటికే అరుగు మీద సిస్టరమ్మ కొడుకుతో కూర్చుని ఉంది, పిల్లవాడు దగ్గుతున్నాడని.

"చెల్లె, జర మా పిల్లను ముందు సూడు. నిన్నటిసంది నీళ్లు గూడ మింగుతలేదు. కొండనాలుక జారినట్టున్నది."

"జొరం ఉన్నదా ఆపా?"

"పెద్దగ లేదు. పెయ్యి జర యెచ్చగున్నది గంతే. గొంతు కింద గింత ఉబ్బింది సూడు." ఆమె గొంతు తగ్గించింది. "ఇయ్యాల బయ్యారంల నిఖా ఉన్నది. మా ఆడిబిడ్డ మనుమరాలిది. నువ్వు ఏం గాదంటే పిల్లను తీస్కొని పోతం. పరేషాన్ ఉన్నదంటే చెప్పు, నేను దీన్ని పట్టుకొని ఇంట్లనే ఉంట."

నేను వేలు ఉప్పులో అద్ది లోపలికి పోనిచ్చాను. ఎన్ని వందల గొంతుల్లోకి పోయిన వేలు అది. లోపల ఎప్పుడూ మెత్తగా, తడిగా, వెచ్చగా ఉంటుంది. ఆ రోజు అట్లా లేదు. ఏదో మందంగా, గరుకుగా తగిలింది. దానికి అంచు ఉంది. అలవాటు కొద్దీ నొక్కాను. అంచు లేచినట్టే లేచి లేవలేదు. వేలు బయటికి తీస్తే గోరు పక్కన రక్తం, ఒక చెడ్డ వాసన. పిల్ల గట్టిగా ఏడవను కూడా లేదు. బొంగురుగా ఒక చప్పుడు చేసి నా వేలికేసి చూసింది.

"రక్తం ఏంది చెల్లె?"

తెలియదు అనాలి. నాకు అప్పుడు నిజంగానే తెలియలేదు. ఎప్పుడూ తగలనిది తగిలింది, జర దవాఖానకు తీసుకురా అంటే సరిపోయేది. ఎదురుగా సిస్టరమ్మ చూస్తోంది. ముప్ఫై ఏళ్ల చేతి పని. నోటికి ఏ మాట దగ్గరగా ఉందో అదే వచ్చింది.

"బాగ జారింది ఆపా. ఎత్తేటప్పుడు జర గీస్కపోయింది. ఏం గాదు."

"పోవచ్చునా మరి?"

"పోయి రాండ్రి."

చెంబులో నీళ్లతో వేలు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, "రా కొడుకా" అని సిస్టరమ్మ కొడుకును పిలిచాను. వాడికి కూడా ఎత్తాను. వాడి గొంతు మామూలుగానే ఉంది. సిస్టరమ్మ వాడి ముక్కు తుడుస్తూ, "ఆయమ్మా, నేను నీ దగ్గరికొస్తున్న అని డాక్టర్ సారుకు చెప్పేవు. నన్ను కొరికి తింటడు" అంది. ఇద్దరమూ నవ్వుకున్నాం.

దవాఖానకు పోయి చీపురు పట్టుకున్నాను. వేలికి ఆ గరుకు వదలడం లేదు. సబ్బుతో కడిగాను. మళ్లీ కడిగాను. ఇది నాకు తెలిసినదే, ఎక్కడో ముట్టుకున్నాను అనిపిస్తోంది గానీ ఎక్కడో అందడం లేదు. బకెట్లో తుడిచే గుడ్డను ముంచి పిండుతుంటే, చేతులు మోచేతుల దాకా చల్లబడినప్పుడు, ఒక్కసారి మా లంద కళ్ల ముందుకొచ్చింది. నీళ్లలో రెండో రోజు తోలు. పైన జారుడు, కింద గట్టి పట్టు. అంచు పట్టుకుని లాగితే లేస్తుంది గానీ ఊడదు. ఆ వెంటనే, ఇరవై ఏళ్ల కింద విన్న గొంతు చెవిలో పలికింది. తోలు అని అర్థం ఆయమ్మా. గీకి తీయబోతే రక్తం వస్తుంది.



ఇక్కడ మీకు నిజం చెప్పాలి. నేను పరుగెత్తలేదు. ఆ వరండా చివరిదాకా తుడిచాను. బకెట్ నీళ్లు పారబోసి, మళ్లీ పట్టుకొచ్చి, తుడిచిందే తుడిచాను. చెబితే, ఆయా పిల్లల గొంతుల్లో వేళ్లు పెడుతోందని తెలుస్తుంది. చెబితే, సిస్టరమ్మ కొడుకు సంగతి వస్తుంది. చెబితే, నీకెట్లా తెలుసు అంటారు, అప్పుడు లంద మాట చెప్పాలి. ఒకవేళ నేను పొరపడ్డానేమో, నిజంగానే కొండనాలుక గీసుకుపోయిందేమో. ఇట్లా ఎంతసేపు తుడిచానో తెలియదు. అంతసేపూ బయ్యారంలో ఆ పిల్ల ఊపిరి పీలుస్తూ ఉంది. తర్వాత, నాలుగు మడతలు పెట్టిన ఆ దుప్పటి గుర్తొచ్చింది. తుడిచే గుడ్డ అక్కడే పడేసి డాక్టర్ సారు గదిలోకి పోయాను.

సారు చిన్నవాడు, మన వైపు పిల్లవాడే. సిస్టరమ్మ పక్కన నిలబడి చీటీలు అందిస్తోంది.

"సార్, ఒక పిల్ల గొంతుల తోలు పుట్టింది."

"తోలేంది ఆయమ్మా?"

"డిప్తీరియా సార్."

సిస్టరమ్మ పకపకా నవ్వింది. "ఆయమ్మ పెద్ద డాక్టరైంది సార్. రేపటిసంది ఓపీ ఆమెకే ఇచ్చేద్దాం, మనం వార్డు తుడుద్దాం."

సారు నవ్వలేదు గానీ నమ్మలేదు కూడా. "అది నేనే ఇంతవరకు సూడలే ఆయమ్మా. పుస్తకంల సదివిన గంతే. నువ్వెట్ల సూసినవ్?"

"సూడలే సార్. ముట్టిన."



"మా నాయిన తోళ్ల పని చేసేటోడు సార్. నేను లంద కాడ పెరిగిన. నానిన తోలు నా వేలికి ఎరుకే. పొద్దుగాల కొండనాలుక ఎత్తుదామని ఎదురింటి ఆపా మనుమరాలి నోట్ల వేలు పెడితే అదే తగిలింది. రక్తమొచ్చింది. మెడ ఉబ్బి ఉన్నది. గొంతు బొంగురు పోయింది. జొరం పెద్దగ లేదు. భూపాలపల్లిల ఒక మేడం చెప్పింది సార్, ఆ పేరుకు తోలు అనే అర్థమట."

ముప్ఫై ఏళ్లు దాచిన మాట అట్లా ఒక్క ఊపిరిలో బయటపడింది. సారు నా వేలికేసి చూస్తున్నాడు. సిస్టరమ్మ చీటీలు బల్ల మీద పెట్టేసింది.

"ఆపా మనుమరాలా?" అంది. "నా కొడుకుకంటె ముందల ముట్టినవే, గా పిల్లనా?"

నేను తల ఊపాను. ఆమె నన్ను తిట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా కొడుకు బడి వైపు పరుగెత్తింది. 

"పిల్ల యాడున్నది?" అన్నాడు సారు అప్పటికే ఫోను తీస్తూ.

"బయ్యారంల సార్. నిఖాకు పోయిన్రు. నేనే పోయి రమ్మన్న."

అంబులెన్సులో బయ్యారం పోయేసరికి షామియానా కింద భోజనాలు మొదలయ్యాయి. పిల్లలు గుంపుగా మిఠాయి చుట్టూ ఉన్నారు. ఆపా ఒక మూల కుర్చీలో మనుమరాలిని ఒళ్లో వేసుకుని విసనకర్రతో విసురుతోంది. దగ్గరికి పోకముందే ఆ చప్పుడు వినిపించింది. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఈల వేసినట్టు. ప్రతి ఊపిరికీ గొంతు కింద చిన్న గుంట పడుతోంది.

సారు మోకాళ్ల మీద కూర్చుని లైటు కొట్టి చూశాడు.  నాకేసి తిరిగి, అవునన్నట్టు తల ఆడించాడు.

"పొద్దుగాల ఏం గాదంటివి గద చెల్లె" అంది ఆపా.

పిల్ల తండ్రి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది సార్? ఆయమ్మ సూసింది, ఏం గాలేదన్నది."

సారు ఏదో చెప్పబోయాడు. నేనే అందుకున్నాను. "అబద్ధం చెప్పిన కొడుకా. నా వేలికి ఏం తగిలిందో నాకు తెల్వలే. తెల్వదు అనబుద్ధి గాలే."

అతను నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. పిల్లను ఎత్తుకుని అంబులెన్సు వైపు నడిచాడు.

లోపల కూర్చున్నాక సారు మెల్లగా చెప్పాడు, పిల్లను ఏడవనివ్వొద్దని. ఏడిస్తే ఉన్న కాస్త దారి కూడా మూసుకుపోతుంది. నేను దగ్గరికి జరగబోతే ఆ పిల్ల ఆపా కొంగులోకి ముడుచుకుని ఏడుపు ముఖం పెట్టింది. నా వేలంటే భయం. నేను ఎదుటి బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కనబడకుండా చేసుకున్నాను. పిల్లలకు కథలు చెప్పడం ఒక్కటే నాకు ఏ చదువూ లేకుండా వచ్చిన ఇంకో పని. అక్కడికక్కడే ఒక కథ అల్లాను. గాజులు తొడిగించుకుందామని ఒక కోతి సంతకు బయలుదేరిందని, ఏ చేతికి తొడగాలో, ఏ కాలికి తొడగాలో గాజులమ్మకు తెలియలేదని. పిల్ల కళ్లు నాకేసి తిరిగాయి. ఏడుపు ఆగింది. ఈల చప్పుడు మాత్రం ఆగలేదు.

"ఆపకు ఆయమ్మా" అన్నాడు సారు.

మహబూబాబాద్ దాకా కోతికి గాజులు తొడిగాను. అక్కడి డాక్టర్లు చూసి, ముక్కుకు గాలి పెట్టి, ఇక్కడ కాదు వరంగల్ పదండి అన్నారు. మళ్లీ బండి, మళ్లీ కథ. ఒకచోట ఈల చప్పుడు ఆగిపోయింది.  సారు వంగి పిల్ల గడ్డం పైకెత్తాడు. ఒకటి, రెండు, మూడు అని నేను లోపల లెక్కపెట్టుకున్నాను. నాలుగు దగ్గర ఛాతీ కదిలింది. ఆపా నోట్లో కొంగు కుక్కుకుని నాకేసి చూసింది. ఆ చూపును ఇప్పటికీ నేను తట్టుకోలేను. చెప్పు, ఏం గాదని మళ్లీ చెప్పు అన్నట్టున్న చూపు అది. నేను కోతి కథే చెప్పాను.

వరంగల్‌లో పిల్ల గొంతు కింద రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఆ జబ్బు విషాన్ని విరిచే మందు ఒకటి ఉంటుంది. అది అంతటా దొరకదు. సారు దారి పొడవునా ఫోన్లు చేసి ఏర్పాటు చేస్తే సాయంత్రానికి వచ్చింది. మందు ఎక్కినందుకు సంతోషించబోతే అక్కడి పెద్ద డాక్టరు ఆపాడు. ఇంకా రెండు వారాలు నమ్మకం లేదన్నాడు. గొంతు బాగయ్యాక కూడా ఆ విషం గుండెను పట్టుకోవచ్చు, ఆడుకుంటున్న పిల్ల ఆడుకుంటూనే కూలిపోవచ్చు అన్నాడు.

ఆ రెండు వారాలు నేను అన్నం ఎట్లా తిన్నానో తెలియదు. నిఖాకు వచ్చిన పిల్లలందరికీ మందులు ఇచ్చారు, సూదులు వేశారు. సిస్టరమ్మ కొడుకుకు కూడా ఇచ్చారు. వాడికి చిన్నప్పటి టీకాలన్నీ పడి ఉన్నాయి. ఆపా మనుమరాలికి ఐదో ఏట వేయాల్సిన సూది పడలేదు. ఆ వారం జలుబుగా ఉందని వాయిదా వేశారట, తర్వాత ఎవరికీ గుర్తులేదు. సిస్టరమ్మ రోజూ పొద్దున లైటుతో కొడుకు గొంతు చూసి డ్యూటీకి వచ్చేది. నాతో మాట్లాడేది కాదు. వారం గడిచాక ఒకనాడు, "ఆయమ్మా, వార్డు తుడిచినవా?" అంది. అంతే. నేను బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

సారు నా మీద పైకి ఏమీ రాయలేదు. ఒక్కటే అన్నాడు. "నువ్వు చెప్పకపోతే, ఆ పిల్ల నా దగ్గరికే వచ్చినా గొంతునొప్పి మాత్రలు రాసి పంపేటోన్ని ఆయమ్మా." ఆయనా భయపడ్డాడని నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి నేను ఎవరి కొండనాలుకా ఎత్తలేదు. అరుగు మీదికి వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని దవాఖానకే తీసుకుపోయేదాన్ని. కొంతమంది నాకు పొగరు పట్టిందన్నారు.

ఆ పేరు పెట్టిన ఫ్రెంచి డాక్టరు గురించి అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఎవరో, ఎట్లా ఉండేవాడో. పొరను చూసి తోలు అనడానికి ఆయనకు తోలు తెలిసి ఉండాలి. ఆయన ఊళ్లో కూడా ఏ వాగు పక్కనో లంద ఉండి ఉంటుంది, మా నాయిన లాంటివాడొకడు మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉంటాడు. నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పనిని పెద్ద పెద్ద డాక్టర్లు రోజూ నోటితో పలుకుతున్నారు, పలుకుతున్నామని తెలియకుండానే. ఇది తెలిశాక నాకు గర్వం కలగలేదు. ముందే నోరు తెరిచి ఉంటే ఒక పూట కలిసొచ్చేది కదా అనే అనిపించింది.

పిల్ల బతికింది. నలభై రోజులకు ఇల్లు చేరింది. వచ్చిన కొత్తలో నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి. ఆ విషం అంగిలి నరాలను కూడా పట్టిందన్నారు. గుటక వేసిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లంతా ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. మెల్లమెల్లగా అది కూడా కుదురుకుంది. ఇప్పుడు హైస్కూలుకు పోతోంది. గొంతు కింద చిన్న మచ్చ ఉంది, చున్నీ దాని మీదికి లాక్కుంటుంది.

పిల్ల ఇంటికొచ్చిన వారానికి ఆపా మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. నేను క్షమించు అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"వేలు పెట్టినవని నాకు కోపం లేదు చెల్లె. పెట్టుమన్నది నేనే. తెల్వదు అని ఒక్క మాట అంటివా, నేను నిఖాకు పోకపోదును. నిన్ను అడిగిన గద, పోవచ్చునా అని. నీ మాట మీదనే పోయిన."

నేను లేచి చాయ్ పెట్టి ఇచ్చాను. ఆమె చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి పోయింది. ఇప్పటికీ మా మధ్య రాకపోకలు ఉన్నాయి. రంజాన్‌కు సేమియా వస్తుంది, నేను బతుకమ్మకు సత్తుపిండి పంపుతాను. ధరల గురించి, కోడళ్ల గురించి అన్నీ మాట్లాడుకుంటాం.

మొన్న వానాకాలంలో ఆమె చిన్న మనుమడికి గొంతు నొప్పి వచ్చింది. నాలుగేళ్లవాడు. ఆపా ఆటోను పిలిచింది. నేను రిటైరై చాలా కాలమైంది, అయినా చెప్పులు వేసుకుని పోయి పక్కన కూర్చున్నాను. రమ్మనలేదు, వద్దనలేదు. బాబు ఆమె ఒళ్లో, తల నా వైపు. గుంతల దారి. దగ్గినప్పుడల్లా నేను ఆమెకేసి చూశాను, ఆమె రోడ్డుకేసి చూసింది. ఎట్లున్నది, ఏమన్న అయితదా అని ఆమె నన్ను ఒక్క మాట అడగలేదు. ఏం గాదని నేను చెప్పలేదు. దవాఖాన గేటు వచ్చేదాకా ఇద్దరం ఆ బాబు ఊపిరి చప్పుడే వింటూ కూర్చున్నాం.